బల్లకట్టు తాత బతికొచ్చిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం ఆటకి మా కేబిన్లో ఉన్నవి ఇవి: ప్రొజెక్టర్లు రెండు, వాటిలో ఎడమది కొంచెం వణికేది. కరెంటుని డీసీగా మార్చే రెక్టిఫయర్ ఒకటి. రీళ్ళు వెనక్కి చుట్టే బల్ల. కార్బన్ కడ్డీల పెట్టె, సగం ఖాళీ. యాంప్లిఫయర్, దాని పక్కన చేతిరుమాలు చుట్టిన మైకు. ఇసుక బకెట్లు రెండు, ఒకదాంట్లో బీడీ ముక్కలు. మనుషులు ముగ్గురం: నేను, ఖాదర్ బాబాయి, గోడ కన్నంలోంచి హాల్లోకి చూస్తున్న మేనేజర్ శేషయ్య గారు.

కింద నేల, బెంచీ నిండిపోయాయి. కుర్చీల్లో మూడు వరసలు సాగర్ డ్యాం పక్కనున్న విజయపురి సౌత్ నుంచి మొదటి బస్సుకి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు. వాళ్ళ మధ్యలో ప్రసాద్, ఇరిగేషన్ ఇంజనీరు గారబ్బాయి. బెంచీల్లో గోడవైపు చివర లారీ షెడ్డు మెకానిక్ సైదులు. అతని పక్కన తలమీద కొంగు కప్పుకున్న వాళ్ళమ్మ. ఆమె సినిమా హాలుకి రావడం అదే మొదటిసారని గేటు దగ్గర అందరికీ చెప్పి మరీ తీసుకొచ్చాడు.

ఆడబోయే బొమ్మ ‘చుక్కల రేవు’ రెండో భాగం.

ఎవరి కోసం

నాకింకా ముప్పై రెండేళ్ళు నిండలేదు. అయినా రిటైరయ్యాననే రాస్తున్నాను, ఎందుకంటే ఆ పనికి మళ్ళీ వెళ్ళను, వెళ్దామన్నా మాచర్లలో నేను చేసిన హాలు ఇప్పుడు లేదు. అందులో మిరపకాయల బస్తాలున్నాయి. ఊళ్ళో రెండు వీడియో పార్లర్లు పెట్టారు. అయినా ఆపరేటర్ లైసెన్సు పరీక్షకి చదువుతున్నామంటూ అప్పుడప్పుడు కుర్రాళ్ళు వచ్చి కూర్చుంటారు. వాళ్ళకి పరీక్షలో అడిగేవి పుస్తకంలో దొరుకుతాయి. దొరకనివి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న నడికుడి రైల్వేలో ఫిట్టరు. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. కొలవగలిగినదాన్నే నమ్మమని మాకు నేర్పారు. ఆంపియర్లు కొలవొచ్చు, వోల్టులు కొలవొచ్చు, రీలు ఎన్ని అడుగులో కొలవొచ్చు. ఉద్యోగంలో నన్ను దెబ్బకొట్టినవేవీ ఈ మూడింటిలో లేవు.

పని

ఆపరేటరంటే రోజూ ఊరికే సినిమా చూసేవాడని అనుకుంటారు. ఆపరేటరు సినిమా చూడడు. అతను చూసేది రెండు కార్బన్ కడ్డీల కొనల మధ్య మండే వెలుగుని, ఆర్క్‌ని. తెర కుడి పైమూలన రీలు అయిపోవస్తోందని చెప్పే చుక్కని. మీటరు ముల్లుని. పొలాల్లో మోటార్లు వేసే వేళకి మా ఊళ్ళో వోల్టేజి పడిపోయి బొమ్మ మసకబారేది. హాల్లోంచి తిట్లు లేచేవి. ఆ తిట్లు కరెంటాఫీసుకి కాదు, నాకు. మాటలు బాగోలేకపోతే నాకు, పాట నచ్చకపోతే నాకు, హీరో ఓడిపోతే నాకు. తెరమీద కథ ఎవరు రాశారో జనానికి తెలియదు. వెలుగు మాత్రం వెనకనించి వస్తోందని తెలుసు. అందుకని వెనక్కి తిరిగి తిడతారు.

జీతాల గురించి, లైసెన్సు రెన్యువల్ గురించి రాయను. వాటికోసం ఏడ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు.

కథ గురించి నాకు మొదటి పాఠం నరసరావుపేటలో దొరికింది. నా మొదటి గురువు వయసైన ఆపరేటరు, చూపు తగ్గింది. ఒక ఏడుపు సినిమాకి ఎనిమిదో రీలు, తొమ్మిదో రీలు తారుమారు చేశాడు. ఎనిమిదిలో తల్లి మంచం మీద కొడుక్కి నాలుగు మంచిమాటలు చెప్పి కన్నుమూస్తుంది. తొమ్మిదిలో కొడుకు తలకొరివి పెడతాడు. మా హాల్లో ముందు తలకొరివి పడింది, తర్వాత తల్లి మాట్లాడింది. ఇంక కుర్చీలు విరుగుతాయని నేను కేబిన్ తలుపు గడియ వేశాను. ఎవరూ కదల్లేదు. కొడుకు పాతరోజులు తలుచుకుంటున్నాడనుకున్నారు. ముందు ఆటకంటే ఎక్కువ ఏడ్చారు. ఓనరు పైకొచ్చి ఇకమీదట అట్లాగే వెయ్యమన్నాడు. వారమంతా అట్లాగే వేశాం.

జనం ఏమైనా నమ్ముతారని ఆ రోజు నవ్వుకున్నాను. నవ్వాల్సిన విషయం కాదని తెలియడానికి మాచర్ల రావాల్సి వచ్చింది.

మైకు

మాచర్లలో ఆదివారం ఉదయం ఇంగ్లీషు బొమ్మ వేసేవాళ్ళం. మా జనం నాపరాళ్ళ క్వారీల్లో చేసేవాళ్ళు, లారీలవాళ్ళు, షెడ్డు మెకానిక్కులు, చిన్న దుకాణాలవాళ్ళు. ఇంగ్లీషు రాదు. అందుకని ఖాదర్ బాబాయి నా పక్కన స్టూలు మీద కూర్చుని, తెర మీద జరిగేదాన్ని మైకులో తెలుగులో చెప్పేవాడు. బొమ్మ గొంతు తగ్గించి ఆయన గొంతు పెంచడం నా ఎడమచేతి పని. ఆయన చూపుడువేలు లేపితే తగ్గించాలి, వేలు ముడిస్తే పెంచాలి. ఆరు నెలలయ్యేసరికి వేలు చూడక్కర్లేకపోయింది. ఆయన ఊపిరి తీసుకోవడం వినపడితే చాలు.

సాగర్ డ్యాం కట్టే రోజుల్లో ఆయన ప్రాజెక్టు క్లబ్బులో బేరరు. ఆ బల్లల దగ్గర నిలబడి విని నేర్చుకున్న ఇంగ్లీషు. సగం అర్థమయ్యేది, సగం బొమ్మ చూసి పట్టేవాడు. మిగతా రోజుల్లో రిక్షాలో మైకు పెట్టుకుని మా హాలు సినిమాలు ఊరంతా చాటేవాడు. అందరికీ బాబాయే.

‘చుక్కల రేవు’ అన్న పేరు కూడా ఆయన పెట్టిందే. ఇంగ్లీషు పేరు నోరు తిరగదని పోస్టరు మీద అదే రాయించాం. కథ ఇది. చుక్కల మధ్య ఒక దేశం. దాన్ని దుర్మార్గులు ఆక్రమిస్తే రాణి తన జనాన్ని ఓడల్లో ఎక్కించుకుని పారిపోతుంది. దారిలో ఒక నిప్పుల నది. దాన్ని దాటించగలిగేవాడు ఒక్కడే, ఒక ముసలివాడు. అతనికి ఇంగ్లీషులో ఏదో పేరుంది. బాబాయి ‘బల్లకట్టు తాత’ అన్నాడు. కృష్ణ దాటడానికి బల్లకట్టు ఎక్కినవాళ్ళే హాలంతా. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

చివరి రీల్లో అవతలి ఒడ్డున పెద్ద ఇనుప తలుపు. లోపలినుంచి ఎవరో ఒకరు మీట పట్టుకుని ఉంటేనే అది తెరుచుకుని ఉంటుంది. తాత మీట పట్టుకుంటాడు. ఓడలన్నీ దాటాక తలుపు పడిపోతుంది. అవతల రాణి తలుపుని అరచేతులతో కొట్టి ఒక్క మాటంటుంది. మళ్ళీ వస్తాం అని. అంతే, బొమ్మ అయిపోయింది.

తేల్చెయ్

మొదటి ఆదివారం బాబాయి ఉన్నదున్నట్టు చెప్పాడు. జనం బయటికొస్తూ గొణిగారు. ఒక క్లీనరు గేటు దగ్గర నిలబడి అడిగాడు, ఇంతకీ ముసలోడు ఉన్నట్టా పొయినట్టా అని. శేషయ్య గారు అది విన్నారు.

ఆయన గురించి న్యాయంగా రాయాలి. టికెట్టు కౌంటరు నుంచి పైకొచ్చిన మనిషి. జనం దేనికి రెండోసారి వస్తారో ఆయనకి తెలిసినట్టు నాకు వోల్టేజి తెలియదు. కథ మంచిదా చెడ్డదా అని ఆయన ఎప్పుడూ అడగలేదు. తేలిందా లేదా, అంతే.

“తేలని కథకి మళ్ళీ ఎవడొస్తాడు ఖాదరూ? తేల్చెయ్. చంపెయ్ ముసలాణ్ణి.”

రెండో ఆదివారం తలుపు పడగానే బాబాయి వేలు లేపాడు. ఆయన అన్న మాటలు నాకిప్పటికీ వచ్చు. “తలుపు పడింది. తాత పోయాడు. నొప్పి తెలియలా. అందరినీ దాటించి, అక్కడే, అప్పుడే పోయాడు.”

బయటికొస్తూ ఈసారి ఎవరూ గొణగలేదు. వీరుల గుళ్ళో కత్తులకి మొక్కే ఊళ్ళు మావి. నిలబడి చచ్చినవాడికి ఇక్కడ ఉన్న విలువ, బతికి నెగ్గినవాడికి లేదు. ఆ బొమ్మ ఆ ఏడు ఎన్ని ఆదివారాలు వేసినా నేల నిండింది. లారీల వెనక పలకల మీద బల్లకట్టు తాతని బొమ్మ వేయించుకున్నారు.

సైదులు మాత్రం చివరి రీలుకే వచ్చేవాడు. షెడ్డులోంచి గ్రీజు చేతులతో వచ్చి, గోడకి ఆనుకుని నిలబడి, ఆ నాలుగు మాటలు విని వెళ్ళిపోయేవాడు. గేటతను టికెట్టు అడిగేవాడు కాదు. ఎందుకని బాబాయిని అడిగితే చెప్పాడు. సైదులు వాళ్ళన్న వెంకన్న క్వారీలో పనిచేసేవాడు. ఒక సాయంత్రం గట్టు జారుతుంటే ఇద్దరు ఆడవాళ్ళని పైకి నెట్టి, తను కింద ఉండిపోయాడు. పొద్దుగూకేదాకా తవ్వారు. రాయి ఇంకా జారుతోందని ఆపేశారు. తెల్లారి తీశారు. మేస్త్రీ ఇంటికొచ్చి వాళ్ళమ్మకి చెప్పాడు: అప్పుడే పోయాడమ్మా, నొప్పి తెలియలా అని.

“ఆ మాట నేనక్కడే విన్నాను అబ్బాయ్,” అన్నాడు బాబాయి. “మైకు ముందు కూర్చుంటే నోటికి అదే వచ్చింది. వాడు హాల్లో ఉన్నాడని నాకు తెలీదు.”

మైకు పట్టుకున్నవాళ్ళకి, వెలుగు వేసేవాళ్ళకి ఒక మాట. లోపల కూర్చున్నవాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందో మీకు తెలియదు. తెలుసుకునే మార్గం కూడా లేదు. అది తెలుసుకుని ఉద్యోగంలోకి రండి.

శనివారం

రెండో భాగం ప్రింటు మాకు ఏడాది దాటాక వచ్చింది. బాక్సు రాగానే అన్ని రీళ్ళూ వేసి చూడడం నా అలవాటు. చిరుగులుంటే అతికించాలి. శనివారం పొద్దున ఖాళీ హాల్లో ముగ్గురం చూశాం.

మూడో రీల్లో రాణి తన ఓడలకి కావలసిన ఏదో ఖనిజం కోసం ఆ తలుపు దగ్గరికి తిరిగి వస్తుంది. తలుపు తెరిపిస్తుంది. లోపల చేతిలో దీపంతో ముసలివాడు. జుట్టు మోకాళ్ళదాకా పెరిగింది. కళ్ళు కనపడవు. రోజూ తలుపు దగ్గర దీపం పెట్టుకుంటూ కూర్చున్నాడు. అడుగుల చప్పుడు విని ఒక చిన్న ప్రశ్న వేస్తాడు.

“ఏమన్నాడు?” అన్నారు శేషయ్య గారు.

“‘ఇంత ఆలస్యమైందేంది’ అంటన్నాడు,” అన్నాడు బాబాయి.

నేను ఆర్క్ ఆపేశాను. అలవాటు ప్రకారం కాగితం తీసి ఉన్న దారులు రాశాను. ఒకటి, మూడో రీలు ఎత్తెయ్యడం. కుదరదు, తర్వాత కథంతా ఆ ముసలివాడిదే. రెండు, అది రాణికి వచ్చిన కల అనడం. అదీ కుదరదు, కల ఎనిమిది రీళ్ళు ఉండదు. మూడు, కవల తమ్ముడనడం. నాలుగు, మొదటి భాగంలో మేం తప్పు చెప్పామని ఒప్పుకోవడం.

శేషయ్య గారు నాలుగోది వినను కూడా వినలేదు. “తమ్ముడు. ఇద్దరూ ఒకే పోలిక. మన సినిమాల్లో ఎంతమంది లేరు?”

బాబాయి మాత్రం నాలుగోదే చెప్తానన్నాడు. ముందు సైదులుకి చెప్పి, తర్వాత మైకులో చెప్తానన్నాడు. సాయంత్రం షెడ్డుకి వెళ్ళాడు. తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని చాలాసేపు రుమాలు మడత పెట్టాడు.

“చెప్పలేదా?” అన్నాను.

“రేపు వాళ్ళమ్మని తీసుకొస్తాడంట. తాతని తలుచుకుంటారు గదా రెండో భాగంలో, అమ్మ వినాల అంటన్నాడు. కొత్త చీర కూడా కొన్నాడంట.” రుమాలుని మైకుకి చుట్టాడు. “తమ్ముడనే చెప్తాలే.”

శేషయ్య గారు తన మాట నెగ్గిందనుకున్నారు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు.

తలుపు తెరిచాక

ఆదివారం మూడో రీలు. తలుపు తెరుచుకుంది, దీపం కనిపించింది. హాలంతా ఒక్కసారి ముందుకి వంగింది. బాబాయి వేలు లేపాడు.

ఈయన బల్లకట్టు తాత కాదని చెప్పాడు. తాత తమ్ముడని, అన్న పోయాక అన్న పేరుమీద ఇక్కడే దీపం పెట్టుకుంటూ ఉండిపోయాడని చెప్పాడు. గొంతులో ఎక్కడా వణుకు లేదు. బెంచీల్లో కొందరు చేతులు జోడించారు. సైదులు వాళ్ళమ్మ కూడా జోడించింది. కేబిన్ కన్నంలోంచి నాకు ఆమె చేతులు కనిపించాయి. ఇంకో నిమిషం గడిచి ఉంటే ఆ కథ నిలబడేదని నా నమ్మకం. నరసరావుపేటలో తలకొరివి తర్వాత మాట్లాడిన తల్లి నిలబడలేదా?

కుర్చీల్లోంచి ప్రసాద్ లేచి నిలబడ్డాడు. అతను కోపంగా లేడు. పరీక్షలో తప్పు ప్రశ్న వచ్చిందని చెప్పే విద్యార్థిలాగా, స్పష్టంగా, బెంచీలవైపు తిరిగి చెప్పాడు.

“తమ్ముడు కాదండీ, ఆయనే. మొదటి భాగంలో చావలేదు. రాణి తిరిగొస్తానంది, రాలేదు. ఇప్పుడు ఆయన ‘ఇంత ఆలస్యమైందేం’ అని అడుగుతున్నాడు. మైకులో చెప్పేదంతా అబద్ధం.”

సరిగ్గా అప్పుడే రాణి ముసలివాణ్ణి వాటేసుకుని పేరు పెట్టి పిలిచింది. ఆ ఇంగ్లీషు పేరు మొదటి భాగంలో అన్ని ఆదివారాలు విన్నవాళ్ళే అందరూ. అర్థం కావడానికి తెలుగు అక్కర్లేదు.

మొదట ఈల వేసిందెవరో తెలియదు. తర్వాత గోల. బాబాయి ఇంకేదో చెప్పబోయాడు. వినపడలేదు. చుక్క వచ్చింది, నేను రెండో మెషీనుకి మారాను. ఆ తర్వాత ఇంటర్వెల్ దాకా ఆయన వేలు లేవలేదు.

టీ కొట్టు దగ్గర

ఇంటర్వెల్లో టీకి దిగాను. హాలు పక్కన కొట్టు ముందు రెండు గుంపులు. కథ చెప్పడం గురించి నేను విన్న వాదనల్లో అంత మంచి వాదన ఇంకొకటి లేదు. నిజంగానే అంటున్నాను.

లారీవాళ్ళ మాట ఇది: చచ్చినవాడు తిరిగొస్తే ఇంక ఈ కథలో చావుకి విలువేముంది? ముందు ముందు ఎవడు గోతిలో పడ్డా మనం కంగారు పడక్కర్లేదు, ఎట్లాగూ లేచొస్తాడు. భయం లేనిచోట యుద్ధమెందుకు, టికెట్టెందుకు? ఒక డ్రైవరు తన లారీ వెనక తాత బొమ్మ కింద ‘అమరుడు’ అని రాయించాడట. ఇప్పుడు దాన్ని ఏం చెయ్యాలో చెప్పమని సాగర్ కుర్రాళ్ళని నిలదీశాడు.

“పెయింటు డబ్బా నేను కొనిస్తాలే మావా,” అన్నాడు ఇంకొకడు. “అమరుడు తీసేసి ‘హారన్ కొట్టుము’ అని రాయిద్దాం.”

అందరూ నవ్వారు. తలుపు వెనక ఇన్నేళ్ళు అన్నం ఎవరు పెట్టారని ఒక బస్సు కండక్టరు అడిగాడు.

ప్రసాద్ మాట ఇది: తాత చచ్చిపోయి ఉంటే కథ తేలిక. రాణి రెండు కన్నీళ్ళు కార్చి ముందుకి పోతుంది. బతికి ఉన్నాడు కాబట్టే బరువు. ఆమె మాట ఇచ్చి మరిచిపోయింది, అక్కడ ఒక మనిషి రోజూ దీపం పెట్టుకున్నాడు. చచ్చిపోయాడనుకోవడం ఆమెకి సుఖం, అందుకే అనుకుంది. రెండో భాగమంతా ఆ తప్పు మీద నిలబడింది. మీకు చావు చెప్పి అసలు కథని దాచేశారు.

అతను చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైనది. నేను బొమ్మ మూడుసార్లు చూశాను, ఒక్క ముక్క తీసెయ్యడానికి లేదు. సరైన మాట ఎప్పుడు, ఎవరి ముందు పడుతోందో చూసుకోవడం మాత్రం ఏ కాలేజీలోనూ చెప్పరు. మా పాలిటెక్నిక్‌లోనూ చెప్పలేదు.

సైదులు ఆ గుంపుల్లో లేడు. ‘చచ్చిపోయాడనుకోవడం సుఖం’ అన్న మాట వినపడేంత దూరంలో, హాలు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో వాళ్ళమ్మ కోసం కొన్న సోడా. అది తాగించకుండానే కేబిన్ మెట్లవైపు నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

మెట్ల మీద

కేబిన్లోకి బయటివాళ్ళు రాకూడదని రూలు. సైదులు గుమ్మంలో ఆగాడు. శేషయ్య గారు అడ్డంపడబోతే బాబాయి చేత్తో ఆపాడు.

“బాబాయ్, వాడేనా?” అన్నాడు సైదులు.

“వాడే.”

“మొదటి బొమ్మలో రాణి ఏమంది?”

“మళ్ళీ వస్తామంది.”

“పోయాడని ఎవురూ అన్లా?”

“అన్లా. నేనే అన్నాను.”

సైదులు సోడా సీసాని చేతులు మార్చుకున్నాడు. అతనిలో కోపం లేదు. తిట్టి ఉంటే, మైకు విరగ్గొట్టి ఉంటే, మాకందరికీ బాగుండేది.

“కింద మా అమ్మ అడుగుతోంది బాబాయ్. మనోడు గూడా పొద్దుగూకిం తర్వాత ఉన్నాడేమోరా, ఎదురుచూశాడేమోరా అంటోంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలా. నేనేం చెప్పాల?”

బాబాయి నోరు తెరిచాడు. అన్ని ఆదివారాలు, తెలిసిన ఇంగ్లీషుకీ తెలియని ఇంగ్లీషుకీ, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా మాట అందించిన మనిషి. ఏమీ రాలేదు. సైదులు సోడా సీసాని గుమ్మం పక్కన పెట్టాడు. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కాసేపటికి వాళ్ళమ్మని నడిపించుకుంటూ గేటు దాటడం కిటికీలోంచి చూశాం. ఆమె కొత్త చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది.

బెల్లు కొట్టారు. రెండో సగం మొదలుపెట్టాను. బాబాయి మైకు ముందు కూర్చున్నాడు కానీ మాట్లాడలేదు. హాల్లోంచి “ఏంది బాబాయ్, నోరు పడిపొయ్యిందా?” అని అరిచారు. “ఈసారి ఎవుర్ని చంపుతున్నావ్?” అని ఇంకొకడు. ఊళ్ళో ప్రతి పెళ్ళిపందిట్లో ఆయన్ని పీట వేసి కూర్చోబెట్టుకున్నవాళ్ళే వాళ్ళు. శేషయ్య గారు వచ్చి యాంప్లిఫయర్ వెనకనుంచి మైకు వైరు పీకేశారు. తన మీదకి రాకుండా, కిందికి వెళ్ళి, ఖాదరు సొంతంగా కల్పించాడు, హాలుకి ఏ సంబంధం లేదు అని గేటు దగ్గర అందరికీ చెప్పారు. చంపెయ్ అన్న మనిషి ఆయనే. నేను పక్కనే ఉండి విన్నాను. నేను ఆ మాట ఆ రోజే గేటు దగ్గర చెప్పాను. నన్ను ఎవరూ వినలేదు. కేబిన్ మనిషి కిందికొచ్చి మాట్లాడితే బొమ్మ ఎవరు వేస్తున్నారని అడిగారు.

తర్వాత

ఆ వాదన ఊళ్ళో చాలా వారాలు నడిచింది. బస్టాండులో, షెడ్లలో, మంగలి కొట్లలో. చచ్చినవాణ్ణి తిరిగి తేవచ్చా, రెండో భాగం అసలు తియ్యాలా, కథ తెర మీద ఉన్నదా విన్నదా. జనానికి అంత తెలివి ఉందని నాకు అప్పుడే తెలిసింది. అంత తెలివి పెట్టి ఒక్కళ్ళు కూడా సైదులు ఇంటికి వెళ్ళలేదు.

ప్రసాద్‌కి వెంకన్న సంగతి తర్వాత ఎవరో చెప్పారట. ‘అయ్యో’ అన్నాడట. అయినా అసలు కథ అసలు కథే కదా అన్నాడట. అతన్ని నేను తప్పుపట్టను. అలా అని అతనంటే నాకు ఇష్టం కూడా లేదు.

సైదులు క్వారీ మేస్త్రీని వెతుక్కుంటూ ముప్పాళ్ళ దాకా వెళ్ళాడని విన్నాను. మేస్త్రీ దొరికాడు. గుర్తులేదన్నాడు. సైదులు మాచర్ల షెడ్డు వదిలేసి గుంటూరులో పనికి కుదిరాడు. వాళ్ళమ్మ ఇక్కడే ఉంది. పొద్దుగూకే వేళకి క్వారీ రోడ్డు మొదట్లో వచ్చి కూర్చుంటుందని లారీవాళ్ళు చెప్తారు.

ఖాదర్ బాబాయి మళ్ళీ కేబిన్ మెట్లు ఎక్కలేదు. రిక్షా మైకు పని కూడా శేషయ్య గారు వేరేవాళ్ళకి ఇచ్చారు. ఆయన బస్టాండులో నిమ్మసోడా బండి పెట్టాడు. నేను వెళ్తే సోడా కొట్టి ఇస్తాడు. సినిమాల మాట ఎత్తడు. ఒకసారి నేనే, సైదులుకి ఆ రోజు ఏం చెప్పి ఉండాల్సిందో తెలిసిందా అని అడిగాను. తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి గదా అబ్బాయ్ అన్నాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగేది తక్కువ. కడ్డీల మధ్య దూరం చూసుకోండి. బాక్సు రాగానే రీళ్ళన్నీ వేసి చూడండి. ఇతరుల కథని మీ నోటితో తేల్చకండి, తేల్చమని చెప్పేవాడు తర్వాత గేటు దగ్గర మీ పక్షాన ఉండడు. ఇవన్నీ పాటించినా ఇలాంటి ఆదివారం ఒకటి మీకూ వస్తుంది.

వ్యాఖ్యానం లేకుండా అసలు బొమ్మ అసలు మాటల్తో చూడాలని సాగర్ కుర్రాళ్ళు అర్జీలాగా రాసి సంతకాలు పెట్టి శేషయ్య గారికి ఇచ్చారు. ఆయన ఒప్పుకున్నారు. తర్వాతి ఆదివారం మైకు లేకుండా, ఒక్క ముక్క కత్తిరించకుండా, అన్ని రీళ్ళూ వరసగా వేశాను. వోల్టేజి కూడా ఆ రోజు బాగుంది.

ఆ ఆటకి లోపల కూర్చున్నది పదకొండు మంది.